లిఫ్టు పక్కన అంటించే నాటకాల కాగితం: నేను తయారు చేసే పద్ధతి

గుంటూరు బ్రాడీపేటలో నాది జెరాక్సు, డీటీపీ షాపు. పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి పరిషత్తు (నాటిక పోటీలు పెట్టే సంస్థ) నాటికల ఆహ్వానాల దాకా 22 ఏళ్ళుగా కంపోజ్ చేస్తున్నాను. ఊళ్ళో ఏ నాటకం పడుతుందో, ఏ కచేరీ ఉందో చాలామంది కంటే ముందు నాకే తెలుస్తుంది. అయినా ఎన్నో ఏళ్ళు ఆ కరపత్రాలు కట్టలు కట్టి ఇచ్చేయడమే తప్ప హాలు వైపు వెళ్ళలేదు.

ఒకసారి బాకీ ఉన్న ఒక నిర్వాహకుడు "రాత్రికి హాలు దగ్గరికి రండి, ఇచ్చేస్తాను" అంటే వెళ్ళాను. వేదిక మీద ఆరుగురు నటులు. రేపల్లె వైపు నుంచి వ్యాను మాట్లాడుకుని, సెట్టింగు సామానుతో సహా వచ్చారట. హాల్లో తలలు లెక్కపెట్టాను. నాతో కలిపి 19 మంది. ఆఖరి సీనులో తండ్రి వేషం వేసినాయన గొంతు పూడుకుపోయి మాట రాక నిలబడితే, ఆ 19 మందిలో ఒక్కరం కూడా కదల్లేదు. తెర పడ్డాక బయటికొచ్చి, స్కూటరు పక్కన చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ కరపత్రం నా చేత్తో వేసిందే. 500 కాపీలు. అవన్నీ ఏమైనట్టు?

మర్నాడు మా అపార్ట్‌మెంటులో అడిగాను. మావి 48 ఫ్లాట్లు. ఆహ్వానం చూసినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. చూసి కూడా ఎందుకు రాలేదని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. "ఎన్నింటికి అయిపోద్దో రాయలేదు అన్నయ్యగారూ, పొద్దున్నే పిల్లల స్కూలు." "టిక్కెట్టు ఉందో లేదో తెలీదండి, గుమ్మం దగ్గర అడిగితే బాగుండదని." మూడో అంతస్తు పిన్నిగారి మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది: "నాకు నాటకమంటే ప్రాణం అబ్బాయ్. రాత్రి పదకొండింటికి నాకు ఆటో ఎవరు మాట్లాడి పెడతారు?" నాటకం ఇష్టం లేదని చెప్పినవాళ్ళు ఇద్దరే ఇద్దరు.

అప్పటి నుంచి ప్రతి నెలా ఒక ఏ4 కాగితం వేసి లిఫ్టు పక్కన అంటిస్తున్నాను. ఇప్పటికి ఏడేళ్ళు. మీ వీధికో, మీ కాలనీకో అలాంటిది వేద్దామనుకుంటే ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

కబురు ముందుగా ఎవరి దగ్గర ఉంటుంది

పేపర్ల జిల్లా పేజీల్లో ఆ రోజు కార్యక్రమాలు వేస్తారు. కానీ అది అదే రోజు పొద్దున తెలిసే కబురు. ఇంట్లో పెద్దవాళ్ళను బయల్దేరదీయాలంటే కనీసం పది రోజుల ముందు తెలియాలి. అందుకే హాళ్ళ చుట్టూ తిరగాలి. గుంటూరులో నేను వదలకుండా వెళ్ళేవి రెండు: బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో ఉన్న అన్నమయ్య కళావేదిక, శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం. విజయవాడలో అయితే తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం, గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయం, ఎం.బి. విజ్ఞాన కేంద్రం, దుర్గాపురంలో ఘంటసాల పేరు మీద ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాల. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీ అది. అక్కడ విద్యార్థుల కచేరీ పెడితే పెద్ద విద్వాంసుల కచేరీకి ఇచ్చినంత చోటు దానికీ ఇస్తాను. నేర్చుకుంటున్న పిల్లలకు ఎదురుగా మనుషులు కావాలి.

హాలుకు వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో అడిగి ఊరుకోకండి. మైకు సెట్టు పెట్టే ఆయన్ని పట్టుకోండి. వచ్చే నెలలో ఏ రోజు ఎవరికి మైకులు పెట్టాలో ఆయన జేబు పుస్తకంలో ఉంటుంది. మేకప్ ఆర్టిస్టు దగ్గర కూడా ఉంటుంది. ఒకే సాయంత్రం రెండు ఊళ్ళు ఒప్పుకోలేడు కాబట్టి తేదీలు పక్కాగా రాసుకుంటాడు. నాకు వచ్చే కబుర్లలో సగం వీళ్ళిద్దరి దగ్గర్నుంచే. ఇంకొంత నాలాంటి డీటీపీ షాపుల దగ్గర దొరుకుతుంది. మీ పేటలో ఆహ్వానాలు కంపోజ్ చేసే షాపు ఒకటి ఉంటుంది. వారానికి ఒకసారి వెళ్ళి మర్యాదగా అడగండి. ఎవరూ కాదనరు. తమ కార్యక్రమానికి నలుగురు ఎక్కువ రావాలనే ఏ నిర్వాహకుడికైనా ఉంటుంది.

సినిమా పాటల విభావరులు పెట్టేవాళ్ళది వేరే లోకం. వాళ్ళకు తారీఖులే గుర్తు. డిసెంబరు 4 ఘంటసాల గారి జయంతి, ఫిబ్రవరి 11 వర్ధంతి. జూన్ 4 బాలు గారి పుట్టినరోజు, సెప్టెంబరు 25 ఆయన వెళ్ళిపోయిన రోజు. ఈ నాలుగు తేదీల చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట పాటలు ఉండి తీరతాయి.

నాటకాల వాళ్ళకు మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి. ఆ రోజే తెలుగు నాటకరంగ దినోత్సవం. ఇక శివరాత్రి వచ్చిందంటే కోటప్పకొండ తిరునాళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళలో హరికథలు, బుర్రకథలు, దసరాకు ఇంద్రకీలాద్రి. ఇవన్నీ ఒక గోడ క్యాలెండరు మీద ముందే ఎర్ర ఇంకుతో చుట్టి పెట్టుకోండి. ఆ తేదీకి నెల ముందు నుంచి ఫోన్లు మొదలుపెడితే చాలు.

ఫోనులో మాట వినకుండా ఏదీ రాయకూడదు

ఈ నియమం నేను పెట్టుకోవడానికి కారణం ఉంది. రెండో ఏడాది త్యాగరాజ ఆరాధన గురించి రాశాను. ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. పంచాంగం చూసి తేదీ వేసేశాను, నిర్వాహకులను అడగలేదు. వాళ్ళు అందరికీ వీలుగా ఉంటుందని తర్వాతి ఆదివారానికి పెట్టుకున్నారు. మా అపార్ట్‌మెంటు నుంచి 11 మంది వెళ్ళి, తాళం వేసిన గేటు ముందు నిలబడ్డారు. అందులో మూడో అంతస్తు పిన్నిగారూ ఉన్నారు. పట్టుచీర కట్టుకుని, పంచరత్న కీర్తనల పుస్తకం చేతిలో పట్టుకుని. "పోనీలే అబ్బాయ్, ఆదివారం వద్దాం" అన్నారు గానీ, నాకు వారం రోజులు అన్నం సయించలేదు. ఆ పెద్దావిడ నా కాగితాన్ని నమ్మి గడప దాటారు.

అందుకే రెండుసార్లు ఫోను చేస్తాను. కాగితం వేసే ముందు ఒకసారి, కార్యక్రమానికి ముందురోజు సాయంత్రం ఒకసారి. వాన, ఎన్నికల కోడ్, ఎవరైనా పెద్దాయన పోవడం, కథానాయకుడికి గొంతు పట్టేయడం, ఇలా వాయిదాకు కారణాలు చాలా ఉంటాయి. వాయిదా పడితే కాగితం మీద ఆ గడికి అడ్డంగా గీత కొట్టి, కొత్త తేదీ స్కెచ్ పెన్నుతో రాయండి. కాగితం చింపేసి కొత్తది అంటిస్తే పాత తేదీ ఫోనులో ఫొటో తీసుకున్నవాళ్ళకు తేడా తెలియదు.

ఒక్కో గడిలో ఏం ఉండాలి

ఆహ్వాన పత్రికలో సగం చోటు ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి పేర్లకే పోతుంది. మన కాగితంలో అవి వద్దు. వెళ్ళాలనుకునే మనిషికి కావలసినవి వేరు.

అన్నిటికంటే ముందు సమయం, అదీ రెండు సమయాలు. "సాయంత్రం 6 గంటలకు" అని వేస్తారు. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు. నాటకం ఏడుంపావుకో ఏడున్నరకో. నిర్వాహకుణ్ణి మెల్లగా అడగండి: "అయ్యా, తెర ఎన్నింటికి లేస్తుంది? ఎన్నింటికి పడుతుంది?" ఆ రెండూ రాయండి. వరసగా కొన్ని రోజులు జరిగే పరిషత్తు పోటీలైతే లెక్క మారుతుంది. ఒక రాత్రికి మూడు నాటికలు ఆడాలి, ఒక్కోటి గంటసేపు, మధ్యలో సెట్టింగు మార్చుకోవాలి. అందుకని మొదటిరోజు, చివరిరోజు సభ ఉన్నా, మధ్య రోజుల్లో అనుకున్న టైముకే మొదలవుతాయి. పెద్దగా అలవాటు లేనివాళ్ళను నేను మధ్య రోజునే తీసుకెళ్తాను.

తర్వాత డబ్బు సంగతి. పరిషత్తు నాటికలు, గుడి కచేరీలు దాదాపు అన్నీ ఉచితమే. ఆ మాట పెద్ద అక్షరాల్లో రాయాలి. "అందరూ ఆహ్వానితులే" అని ఆహ్వానం మీద ఉంటుంది గానీ, అది చూసి మనలాంటివాళ్ళు అది మనకు కాదేమో అనుకుంటారు. నేను "ఉచితం. పాసు అక్కర్లేదు. నేరుగా వెళ్ళి కూర్చోవచ్చు" అని వేస్తాను.

మెట్లు ఎన్ని, ఆడవాళ్ళకు బాత్రూం ఎక్కడ, కుర్చీలు ప్లాస్టిక్‌వా లేక వీపు ఆనించుకునేవా, రాత్రి తొమ్మిది దాటాక ఆ సెంటర్లో ఆటోలు దొరుకుతాయా. ఇవి ఒక్కసారి హాలుకు వెళ్ళి కళ్ళతో చూసి రాసుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తాయి. నా దగ్గర ఒక్కో హాలుకు ఒక్కో పేజీ ఉంది. అరవై దాటినవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో వెళ్ళాలా వద్దా అన్నది తేలేది ఈ వరుస చదివాకే.

అది ఏమిటో చెప్పడం

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. "సాంఘిక నాటిక" అని రాస్తే నలభై లోపు వాళ్ళకు ఏమీ అర్థం కాదు. కథ చెప్పేయకుండా, ఎవరి ఇంట్లో ఏ చిక్కు వచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి. "పొలం అమ్మి అమెరికా వెళ్దామంటున్న కొడుకు, పొలం గట్టు దిగని తండ్రి. గంటసేపు." ఇంత చాలు. ఆడేది ఏ నాటక సమాజమో, అంటే ఏ బృందమో, తప్పక వేయండి. కొలకలూరు శ్రీ సాయి ఆర్ట్స్, పెదకాకాని గంగోత్రి లాంటి పేర్లు చూసి వచ్చేవాళ్ళు మా దగ్గర ఇప్పుడు ఉన్నారు. సినిమాకు హీరోను చూసి వెళ్ళినట్టు నాటకానికి సమాజాన్ని చూసి వెళ్ళడం అలవాటైతే ఇక మనం పిలవక్కర్లేదు.

పద్య నాటకానికి ఇంకొంచెం చెప్పాలి. ముందుగా భయం పోగొట్టాలి. పద్యం అర్థం కాదేమోనని కుర్రవాళ్ళకు బెంగ. నేను ఇలా రాస్తాను: "కథ మీకు తెలిసిందే, భారతంలోదే. పద్యం చివర రాగం తీస్తున్నప్పుడు మాటల కోసం వెతక్కండి, గొంతు వినండి. నచ్చితే 'వన్స్ మోర్' అనొచ్చు, మళ్ళీ పాడతారు." ఈ చివరి మాట చదివి మా రెండో అంతస్తు ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. నిజంగానే గట్టిగా వన్స్ మోర్ అన్నాడు. కృష్ణుడి వేషంలో ఉన్నాయన అతని వైపు తిరిగి, చెయ్యెత్తి, పద్యం మళ్ళీ అందుకున్నాడు. వాడు ఆ తర్వాత ఏ పద్య నాటకమూ వదల్లేదు.

బుర్రకథ ఉంటే మన గుంటూరు జిల్లా సంగతి ఒక వాక్యం కలపండి. తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథను దేశం ముందు నిలబెట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. నడుమ కథకుడు తంబురా పట్టుకుని చెబుతుంటే, ఒక పక్క రాజకీయం చెప్పే వంతగాడు, ఇంకో పక్క హాస్యం చెప్పే వంతగాడు, ఇద్దరి చేతుల్లో డక్కీలనే వాయిద్యాలు. ఆ హాస్యగాడు అప్పటికప్పుడు ఊరి సంగతులు కలిపి నవ్విస్తాడు. కామెడీ షోలు చూసే పిల్లలకు ఇదే మాట చెప్పి తీసుకెళ్ళండి, చక్కగా కూర్చుంటారు.

హాస్యం సంగతికొస్తే, అది రెండు రకాలుగా దొరుకుతుంది. విజయవాడలో సుమధుర కళానికేతన్ వాళ్ళు హాస్య నాటికల పోటీలు పెడతారు. అవి ఇంటిల్లిపాదీ వెళ్ళేవి. రెండోది కేఫుల్లో, చిన్న హాళ్ళలో జరిగే స్టాండప్. దానికి టిక్కెట్టు ఆన్‌లైన్లో తీసుకోవాలి, టిక్కెట్టు మీద బుకింగ్ ఛార్జీ పడుతుంది. స్టాండప్ గురించి రాసే ముందు నిర్వాహకులను మూడు ప్రశ్నలు అడుగుతాను. తెలుగులోనా, ఇంగ్లీషు కలిపా? ఏ వయసు నుంచి రానిస్తారు? అమ్మానాన్నలతో కలిసి కూర్చుని వినొచ్చా? మూడోదానికి వాళ్ళు కాసేపు ఆగి జవాబు చెబితే, ఆ గడిలో "పెద్దవాళ్ళకు మాత్రమే" అని రాసేస్తాను. ఆ కుర్రవాళ్ళు కూడా సొంత డబ్బు పెట్టుకుని వేదిక ఎక్కుతున్నవాళ్ళే. సరైన ప్రేక్షకులు వెళ్తేనే వాళ్ళకూ మేలు.

శాస్త్రీయ కచేరీకి ఒక్క విన్నపం కలుపుతాను: తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం, మొదలవగానే లేచి కాఫీకి వెళ్ళకండి. మృదంగం ఆయనకు ఆ సాయంత్రం మొత్తంలో దొరికేది ఆ కాసేపే.

కాగితం

ఒకటే పేజీ. ఆరు కార్యక్రమాలకు మించి వద్దు. మొదట్లో నేను దొరికినవన్నీ వేసేవాణ్ణి, 18 గడులు అయ్యాయి, ఎవరూ చదవలేదు. ఏరడం మన పని. ఆరింటిలో ఒకదానికి చుట్టూ మందపాటి గీత పెట్టి "ఒక్కటే చూడగలిగితే ఇది" అని రాస్తాను. నాకు తెలిసినవాళ్ళదని కాకుండా, మంచిదని నమ్మిందే పెడతాను. రెండుసార్లు మొహమాటానికి పోయి పెట్టాను. వచ్చినవాళ్ళ మొహాలు చూశాక మళ్ళీ ఆ పని చేయలేదు.

పేజ్‌మేకర్లో అను ఫాంటుతో చేస్తాను, అక్షరం 20 పాయింట్లకు తగ్గనివ్వను. మీరు ఫోనులో చేసుకున్నా ఫరవాలేదు, చేత్తో రాసినా ఫరవాలేదు, అక్షరం మాత్రం పెద్దది కావాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు పీడీఎఫ్ వద్దు, ఫొటోగా పంపండి. పెద్దవాళ్ళు పీడీఎఫ్ తెరవలేక వదిలేస్తారు. లిఫ్టు పక్కన, పాల బూతు దగ్గర, ఇస్త్రీ బండి దగ్గర ఒక్కోటి అంటించండి. ఇస్త్రీ బండి దగ్గర మనుషులు బట్టల కోసం నిలబడతారు, నిలబడితే చదువుతారు. ప్రతి నెలా 27న అంటిస్తాను. జీతాలు రాకముందే తెలిస్తే టిక్కెట్టు ఉన్నవాటికి డబ్బు పక్కన పెట్టుకుంటారు.

మనుషుల్ని కదిలించడం

కాగితం కింద ఒక గీత గీసి "కలిసి వెళ్దాం" అని రాసి, పేర్లు రాసుకోవడానికి ఖాళీ వదలండి. మొదటి పేరు మీదే రాయండి. ఊళ్ళో కార్యక్రమమైతే నలుగురికి ఒక ఆటో, రానూ పోనూ ముందే మాట్లాడుకోవాలి. డ్రైవరు ఫోను నంబరు అందరి దగ్గరా ఉండాలి. విజయవాడ 35 కిలోమీటర్ల పైనే. ఆరున్నర కార్యక్రమానికి నాలుగున్నరకల్లా బస్టాండులో ఉంటాం. పండిట్ నెహ్రూ బస్టాండులో దిగితే తుమ్మలపల్లి కళాక్షేత్రం ఆటోలో దగ్గరే. తిరుగు బస్సు మాత్రం ముందే ఆరా తీసి ఉంచాలి. పెద్దవాళ్ళు ముగ్గురికి మించితే నేను బస్సు పెట్టుకోను, తలా కొంత వేసుకుని వ్యాను మాట్లాడతాం. రాత్రి వచ్చేటప్పుడు వ్యానులో నాటకం గురించి వాదించుకుంటూ రావడం కోసమే కొందరు వస్తారు.

హాల్లో వెనక కూర్చోకండి. ముందు వరస సోఫాలు అతిథులకు ఉంచుతారు, మూడో వరస నుంచి మనదే. అక్కడ కూర్చుంటే నటుడికి మన మొహం కనిపిస్తుంది. ఫోను వెలుతురు వేదిక మీదికి కూడా తెలుస్తుంది కాబట్టి వీడియోలు వద్దు. తెర పడ్డాక గ్రీన్ రూముకు వెళ్ళండి. మేకప్ తుడుచుకుంటున్న మనిషితో "బాగా చేశారండి" అని ఊరుకోకుండా, ఏ చోట మీకు కళ్ళు చెమర్చాయో ఆ చోటు చెప్పండి. 116 రూపాయలు చదివించాలనిపిస్తే చదివించండి. పద్య నాటకాల దగ్గర ఇప్పటికీ మైకులో పేరు చదువుతారు.

2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు మన గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనే జరిగాయి, వారం రోజుల పాటు. పద్య నాటకాలు, సాంఘిక నాటకాలు, సాంఘిక నాటికలు, బాలల నాటికలు, కాలేజీ విద్యార్థుల నాటికలు. ఆ నెల నా కాగితంలో మిగతావన్నీ తీసేసి, మొత్తం పేజీ దానికే ఇచ్చాను. మా అపార్ట్‌మెంటు పిల్లలు 14 మంది బాలల నాటికలకు వచ్చారు. తమ వయసు పిల్లలు వేదిక మీద తడబడకుండా మాట్లాడటం నోరు తెరుచుకుని చూశారు.

పాత కాగితాలు పారేయకండి. నేను నెలల వారీగా ఫైలులో పెడతాను. ఒక్కోదాని వెనక ఎంతమంది వెళ్ళామో, అసలు తెర ఎన్నింటికి లేచిందో, పిన్నిగారు ఏమన్నారో రాసి ఉంటుంది. వచ్చే నెలకు మొదలుపెట్టేటప్పుడు ముందు తీసేది పోయిన ఏడాది అదే నెల కాగితం. అందులో ఉన్న నిర్వాహకులకే మొదటి ఫోన్లు. "మళ్ళీ పెడుతున్నారా అండి? తెర ఎన్నింటికి?"